వృత్తాకార స్టేప్లర్: పేగును కలిపే పనిముట్టుపై ఒక సర్జను సమీక్ష

పురీషనాళం పై భాగంలో క్యాన్సర్ గడ్డ ఉన్న రోగికి లాప్రోస్కోపీ పద్ధతిలో ఆపరేషన్ చేసేటప్పుడు, గడ్డను విడదీసి బయటికి తీయడం కంటే, మిగిలిన రెండు పేగు కొసలను మళ్లీ ఒకటిగా కలపడమే సర్జనుకు ఎక్కువ గుబులు పుట్టిస్తుంది. కటి ఎముకల మధ్య గరాటులాంటి ఇరుకు చోటులో, పొట్ట మీద పెట్టిన నాలుగైదు చిన్న రంధ్రాల గుండా దూర్చిన పొడవాటి పరికరాలతో, తెర మీద బొమ్మను చూస్తూ, పేగు చుట్టూ సూదితో కుట్లు వేయడం చాలామందికి సాధ్యపడని పని. వేయగలిగిన వారికి కూడా అన్ని కుట్లూ ఒకే ఎడంలో, ఒకే బిగువుతో పడ్డాయన్న నమ్మకం కలగదు. ఆ పనిని ఒక్క నొక్కుడుతో ముగించే పరికరమే వృత్తాకార స్టేప్లర్. కోస్తాలోని ఒక పట్టణంలో ఉదరకోశ ఆపరేషన్లు చేస్తూ, రెండు సంస్థల చేతి మోడళ్లను చాలా కాలంగానూ, బ్యాటరీతో పనిచేసే ఒక మోడల్‌ను ఈమధ్య కాలంలోనూ వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. కుట్టడంలో ఇది మనిషి చేతికంటే నిలకడైనది. అయితే ఆ చోట కుట్టవచ్చునా, కూడదా అన్నది మాత్రం ఇది చెప్పలేదు. ఆ సంగతి మరచినవారిని ఇది గట్టిగా దెబ్బతీస్తుంది.

చూడటానికి ఇది తుపాకీ పిడికి కాస్త వంపు తిరిగిన పొడవాటి గొట్టం తగిలించినట్లుంటుంది. గొట్టం కొసన గుండ్రటి తల ఉంటుంది. అందులో వలయాకారంలో పేర్చిన టైటానియం పిన్నులు, వాటి లోపలి వైపున గుండ్రటి కత్తి దాగి ఉంటాయి. తలకు ఎదురుగా, విడదీయడానికి వీలైన పుట్టగొడుగు ఆకారపు మూత ఒకటి ఉంటుంది. దాన్ని థియేటర్లో అందరం యాన్విల్ అనే అంటాం. మన కమ్మరి కొలిమి దగ్గర ఉండే దాగలి చేసే పనే ఇదీ చేస్తుంది: దూసుకువచ్చిన పిన్ను దీని గుంటకు తగిలి, రెండు కాళ్లూ లోపలికి ముడుచుకుని, ఇంగ్లీషు బీ అక్షరం ఆకారంలోకి వంగుతుంది. ఆ ఆకారంలో ఒక కిటుకు ఉంది. పిన్ను వంపుల మధ్య మిగిలే సందుల్లోంచి సన్నటి రక్తనాళాలు పారుతూనే ఉంటాయి కనుక, కుట్టిన అంచు రక్తం అందక చచ్చిపోదు. పూర్తిగా నలిపివేసే కుట్టు కారదు గాని మానదు. వదులుగా వేసిన కుట్టుకు రక్తం అందుతుంది గాని అది కారుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న మిల్లీమీటరు లోపు తేడాను పట్టుకోవడంలోనే ఈ పరికరం నూరేళ్ల చరిత్ర గడిచింది.

ఆ చరిత్రను కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే నేటి మోడళ్లలోని ప్రతి భాగం వెనుకా పాత మోడల్ లోపం ఒకటి ఉంది. 1892లో అమెరికాలో మర్ఫీ అనే సర్జను రెండు లోహపు బొత్తాల మధ్య పేగు కొసలను బిగించి కలిపే పద్ధతి తెచ్చాడు. పేగు అతుక్కున్నాక ఆ బొత్తాం మలంతో పాటు బయటికి పోయేది. పిన్నులతో కుట్టే ఆలోచన హంగరీలోని బుడాపెస్ట్‌లో పుట్టింది. అక్కడ హుమేర్ హుల్ట్ల్ 1908లో జీర్ణాశయానికి వాడిన పరికరం చాలా బరువైనది, కూర్చడమే పెద్ద పని. అయినా కణజాలాన్ని ముందు అదమడం, లోహపు తీగతో కుట్టడం, పిన్నును బీ ఆకారంలో వంచడం, వరుసలను ఒకదాని సందుకు మరొకటి ఎదురుగా వచ్చేలా పేర్చడం అన్న నాలుగు సూత్రాలూ అందులోనే ఉన్నాయి. గోడ కట్టే తాపీమేస్త్రీ ఇటుకల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చూసుకున్నట్లే ఈ చివరి సూత్రం. 1921లో అలదార్ ఫాన్ పెట్స్ అదే దేశంలో దాన్ని తేలిక చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత మాస్కోలోని పరిశోధనా సంస్థలో రక్తనాళాలకు, ఊపిరితిత్తులకు, పేగుకు వేర్వేరు స్టేప్లర్లు తయారయ్యాయి. 1958లో సోవియట్ దేశాన్ని చూడటానికి వెళ్లిన అమెరికా సర్జను మార్క్ రావిచ్, కీవ్‌లో ఊపిరితిత్తి ఆపరేషన్‌లో వాటి పనితనం చూసి, ఒకదాన్ని కొనుక్కుని స్వదేశానికి తీసుకువెళ్లాడు. 1964లో లియాన్ హిర్ష్ స్థాపించిన యునైటెడ్ స్టేట్స్ సర్జికల్ కార్పొరేషన్ వాటిని మార్చి అమ్మకానికి తెచ్చింది. సోవియట్ పరికరంలో పిన్నులను చేత్తో ఒక్కొక్కటిగా నింపుకోవాలి, వృత్తాకార మోడల్‌లో వరుస ఒకటే ఉండేది. అమెరికాలో పిన్నులు ముందే నింపిన గుళికలు (కార్ట్రిడ్జులు), రెండు వరుసలు వచ్చాయి. 1970ల చివరికి వృత్తాకార మోడల్ పురీషనాళ ఆపరేషన్లలో స్థిరపడింది. అంతకుముందు శాశ్వతంగా పొట్ట మీద సంచితో బతకవలసి వచ్చే రోగులలో కొందరికి మలద్వారాన్ని నిలబెట్టడం ఆ తరువాతనే తేలికైంది.

లాప్రోస్కోపీకి ఇది ఇంతగా నప్పడానికి కారణం చాలా సాదా సంగతి: గొట్టం పొట్టలోంచి రానక్కరలేదు, మలద్వారం గుండా వస్తుంది. 1990లో మయామిలో మోయిసెస్ జేకబ్స్ బృందం లాప్రోస్కోపీతో పెద్దపేగు ఆపరేషన్లు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, రంధ్రాల దగ్గర క్యాన్సర్ మళ్లీ మొలుస్తుందన్న భయం ఉండేది. 2004లో 872 మంది రోగులతో అమెరికాలో జరిగిన కాస్ట్ అధ్యయనం ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. మూడేళ్లకు గడ్డ తిరిగి వచ్చినవారు లాప్రోస్కోపీలో నూటికి 16, పెద్ద కోతలో 18 మంది, అంటే తేడా లేనట్లే. ఆసుపత్రిలో ఉండవలసిన కాలం మాత్రం ఆరు రోజుల నుంచి అయిదుకు తగ్గింది. మేము ఇప్పుడు అయిదారు సెంటీమీటర్ల కోతలోంచి గడ్డను బయటికి తీసి, పై కొసలో యాన్విల్‌ను కూర్చి, దాని చుట్టూ వక్కాకు సంచి తాడు లాగినట్లు దారంతో ముడి బిగించి, పేగును తిరిగి పొట్టలోకి పంపుతాం. కింది కొసను అప్పటికే నిలువు స్టేప్లర్‌తో, అంటే పిన్నులను గుండ్రంగా కాక తిన్నని గీతలా వేసే దానితో, మూసి ఉంచుతాం. అసిస్టెంటు మలద్వారం గుండా గొట్టాన్ని పైకి నడిపించి, దాని లోపలి మొనను మూసిన కొసలోంచి బయటికి తెస్తాడు. నేను పైనుంచి యాన్విల్‌ను ఆ మొనకు తొడుగుతాను. అప్పుడు వచ్చే 'టక్' శబ్దం కోసం థియేటర్లో మాటలన్నీ ఆగిపోతాయి.

ఇక గుణదోషాలు. పరిమాణాలు సంస్థను బట్టి 25, 28, 29, 31, 33 మిల్లీమీటర్లుగా దొరుకుతాయి. పెద్దది వాడాలన్న తాపత్రయం కొత్తవారికి ఎక్కువ, ఎందుకంటే చిన్న వలయం తరువాత కుంచించుకుపోయి మలం కష్టమవుతుందని చదువుకుని ఉంటారు. కానీ బలవంతంగా దూర్చిన పెద్ద తల పేగు పొరను చీలుస్తుంది, ఆ చీలిక లోపల ఎక్కడ ఉందో కనపడదు. నా వరకు 28 లేదా 29 మిల్లీమీటర్లే ఎక్కువ మందికి సరిపోయాయి.

చేతి మోడల్‌లో నాకు నచ్చింది స్పర్శ. పిడి వెనుక ఉన్న మరను తిప్పుతూ రెండు కొసలనూ దగ్గరికి తెస్తున్నప్పుడు కణజాలం మందం వేళ్లకు తెలుస్తుంది. కిటికీలాంటి సన్నని గాజులో రంగు గీత పచ్చని పట్టీలోకి వచ్చాకే ఫైర్ చేయాలి, అంటే పిన్నులను తోసి కుట్టు వేయాలి. పట్టీలో పై అంచుకు, కింది అంచుకు తేడా పిన్ను మూసుకునే ఎత్తులో తేడా. మందమైన పేగుకు పై అంచు, పలుచని దానికి కింది అంచు. రేడియేషన్ తీసుకున్న రోగి పేగు దళసరిగా, తోలులా ఉంటుంది. అలాంటివారిలో మరను నిదానంగా బిగించి, పావు నిమిషం నుంచి నిమిషం దాకా ఆగాలి. ఆ ఆగడంలో నీరు పక్కకు జారి కణజాలం పలుచబడుతుంది, పిన్ను సరిగ్గా వంగుతుంది. అవసరం లేదనుకుని ఈ ఆగడాన్ని దాటేసే సర్జన్లను చూశాను. ఉడికించిన అన్నం వార్చకుండా వడ్డించినట్లుంటుంది అది.

చేతి మోడల్ తంటా ఫైర్ చేసే క్షణంలో ఉంది. పిడిని పూర్తిగా నొక్కడానికి గట్టి బలం కావాలి. చేతులు చిన్నవైన మహిళా సర్జన్లు రెండు చేతులూ వాడవలసి వస్తుందని నాతో పనిచేసిన జూనియర్లు చెప్పారు, అది వారి లోపం కాదు, పిడి కొలత తప్పు. అలా నొక్కినప్పుడు గొట్టం కొస కొద్దిగా అదురుతుంది, కుట్టు పడుతున్న చోటే ఆ అదురు తగులుతుంది. సగం నొక్కి ఆపితే పిన్నులు సగమే వంగుతాయి, కత్తి మాత్రం కోసేయవచ్చు. యాన్విల్‌లోని ప్లాస్టిక్ వలయం తెగిన 'కరక్' శబ్దం, చేతికి తగిలే ఆ విరుపు, రెండూ వచ్చేదాకా వదలకూడదు.

బ్యాటరీ మోడల్ ఈ ఒక్క జబ్బును బాగా కుదిర్చింది. నేను వాడిన దానిలో బిగించడం చేత్తోనే, పిన్నులు తోయడం మాత్రం మోటారు పని. మీట వేస్తే కొన్ని క్షణాల్లో ఒకే బలంతో పని ముగుస్తుంది, గొట్టం కొస కదలదు. కొస కదలకపోవడం అన్నది వినడానికి చిన్న విషయం గానీ, తెర మీద చూస్తే అది ఎంత మేలో అర్థమవుతుంది. అయితే దీని వల్ల కుట్టులోంచి కారే లీకులు తగ్గాయని చెప్పే అధ్యయనాలలో ఎక్కువ భాగం పాత రికార్డులను పోల్చి చేసినవి, కొన్నింటికి తయారీదారులే ఖర్చు పెట్టారు. అందుకని, 'ఇది కొంటే లీకులు తగ్గుతాయి' అని కంపెనీ ప్రతినిధి చెప్పినప్పుడు నేను తల ఊపి టీ ఇప్పించి పంపిస్తాను. చేతికి హాయి అని అంటే మాత్రం ఒప్పుకుంటాను.

అసలు బలహీనత ఈ పరికరానిది కూడా కాదు, దీని తోబుట్టువైన నిలువు స్టేప్లర్‌ది. కింది కొసను అడ్డంగా కోసి మూసే ఈ స్టేప్లర్ తల కొంతమేరకే పక్కకు వంగుతుంది. మగవారి ఇరుకు కటిలో, అందునా లావుగా ఉన్నవారిలో, పురీషనాళానికి లంబంగా దాన్ని పెట్టడం సాధ్యపడదు. ఏటవాలుగా పడుతుంది, ఒక గుళికతో పని అవదు, రెండోది, మూడోది కావలసి వస్తుంది. గుళికల సంఖ్య పెరిగినకొద్దీ లీకు ముప్పు పెరుగుతుందని పలు అధ్యయనాలలో తేలింది. పైగా గుండ్రటి కుట్టు నిలువు కుట్టును దాటే చోట రెండు పక్కలా కుక్క చెవుల్లాంటి మూలలు మిగులుతాయి. వాటిని తీసివేయడానికి ఇప్పుడు కొందరు మలద్వారం వైపు నుంచే పేగును కోసి, రెండు కొసలకూ తాడుముడి వేసి ఒకే స్టేప్లర్‌తో కలుపుతున్నారు. ఇది మంచి దారి. పరికరం తయారు చేసేవారు కూడా తరువాతి మోడల్‌లో మోటారును ఇంకా మెరుగుపరచడం మాని, ఇరుకులో లంబంగా వంగగలిగే తల మీద బుర్ర పెడితే నాలాంటివారు ఎక్కువ సంతోషిస్తారు.

ఇప్పుడు నేను మొదట అన్న మాటకు వస్తాను. పచ్చ పట్టీ మందం చెబుతుంది, రక్తం సంగతి చెప్పదు. పై కొసకు రక్తం అందుతోందా, కుట్టు పడిన చోట పేగు లాగుడుకు గురవుతోందా, ఆడవారిలో యోని వెనుక గోడ కాస్త కూడా తలకు, యాన్విల్‌కు మధ్య చిక్కుకోలేదు కదా అన్న ప్రశ్నలకు జవాబు పరికరం లోపల లేదు. చివరిది మరచిన ఫలితం, ఆపరేషన్ అయిన వారం తరువాత యోని నుంచి మలం రావడంగా బయటపడుతుంది. అందుకే ఫైర్ చేసే ముందు వేలితో ఆ గోడను తాకి చూడటం నా దగ్గర నియమం. రక్తం సంగతి తెలుసుకోవడానికి ఇండోసైనిన్ గ్రీన్ అనే రంగు మందును నరంలోకి ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో పేగు ఎక్కడిదాకా పచ్చగా వెలుగుతోందో చూసే వీలు వచ్చింది. వెలుగు ఆగిన చోటికి పైన కోస్తాం. ఇది స్టేప్లర్‌లో భాగం కాదు, విడిగా కొనాలి. అయినా రెంటినీ కలిపి తూచకపోతే స్టేప్లర్‌ను సరిగ్గా తూచినట్లు కాదు.

ఫైర్ చేశాక మరను రెండు మూడు అర్ధ మలుపులు వెనక్కి తిప్పి, గొట్టాన్ని కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతూ బయటికి తీస్తాం. తలలో కత్తి కోసిన రెండు గుండ్రటి కండ ఉంగరాలు ఉండాలి. వాటిని డోనట్లు అంటాం. ఉంగరం ఒక చోట తెగి ఉంటే, ఆ దిక్కున కుట్టు పడలేదని అర్థం. ఆ తరువాత కటిలో నీళ్లు నింపి, మలద్వారం నుంచి గాలి ఊది, సైకిల్ ట్యూబు పంక్చరు వెతికినట్లు బుడగల కోసం చూస్తాం. ఒక రాత్రి నాకు పై డోనట్ సగమే వచ్చింది. మరను పూర్తిగా పచ్చలోకి తెచ్చానని, 'కరక్' విన్నానని నాకు గట్టి నమ్మకం. అయినా ఉంగరం సగమే. ఏ సంస్థ సరుకో ఇక్కడ చెప్పను, తప్పు నా తాడుముడిదా, పరికరానిదా అన్నది చివరికి తేలలేదు. బుడగలు వచ్చిన చోట కింది నుంచి చేత్తో మూడు కుట్లు వేసి, పైన తాత్కాలికంగా చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించాం. పరికరం మీది భరోసా ఒక్క రాత్రిలో ఎంత తరిగిందో నాకు బాగా గుర్తు. కుట్టు మలద్వారానికి దగ్గరగా ఉన్నప్పుడు, మంచి చేతుల్లోనూ లీకు పూర్తిగా తప్పించుకోలేని ముప్పు. ఆ సంచి లీకును పూర్తిగా ఆపదు గానీ దాని వల్ల వచ్చే ముప్పును తగ్గిస్తుంది.

ఇలాంటి అనుభవాలు ఒక్కొక్కరివే అనుకునే రోజుల్లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 మార్చిలో ఒక లెక్క బయటపెట్టింది. 2011 జనవరి నుంచి 2018 మార్చి దాకా శరీరం లోపల వాడే స్టేప్లర్లపై 41,000కు పైగా ఫిర్యాదు నివేదికలు అందాయి. వాటిలో 366 మరణాలు, 9,000కు పైగా తీవ్ర గాయాలు. ఇందులో వృత్తాకారమైనవీ, నిలువువీ అన్నీ కలిసి ఉన్నాయి, ప్రతి మరణానికీ పరికరమే కారణమని తేలలేదు. అయినా అప్పటిదాకా ఈ స్టేప్లర్లు గ్లవుజులతో పాటు అతి తక్కువ ముప్పు తరగతిలో ఉండేవి, వాటిలోంచి వచ్చే పిన్నులు మాత్రం పై తరగతిలో ఉండేవి. గుండును లైసెన్సు కింద పెట్టి తుపాకీని వదిలేసినట్లు! 2021 అక్టోబరులో స్టేప్లర్లను కూడా రెండో తరగతికి మార్చారు. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమాలు, ఆ తరువాత 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి రావడం మంచి మొదలు. కానీ ఫైర్ కాని స్టేప్లర్‌ను చెత్తబుట్టలో పడేసి కొత్తది తెరిచే అలవాటు థియేటర్లలో పోలేదు. పారేయకుండా, బ్యాచి నంబరుతో సహా దాచి ఫిర్యాదు పంపాలి. నేనూ ఆ రాత్రి ఆ పని చేయలేదని ఒప్పుకోవాలి.

ధర గురించి. వృత్తాకార స్టేప్లర్, దానితో పాటు నిలువు స్టేప్లర్ గుళికలు కలిసి రోగి బిల్లులో కళ్లు తిరిగే పద్దు. ఒకసారికే పనికివచ్చే సరుకు కావడంతో, దాన్ని శుభ్రం చేసి మళ్లీ వాడదామన్న ఆలోచన ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటుంది. పొరపాటున కూడా చేయకండి: కత్తి మొద్దుబారి ఉంటుంది, యాన్విల్ గుంటలు అరిగి ఉంటాయి, గొట్టం లోపలి మలినం పూర్తిగా పోదు. దేశంలో తయారైన స్టేప్లర్లు ఇప్పుడు గణనీయంగా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. నేను వాడిన ఒక రకంలో కుట్టు నాణ్యతకు వంక పెట్టలేను; మర తిప్పడంలో కొంచెం గరుకుదనం, పచ్చ గీత కనపడే గాజు మసకగా ఉండటం నచ్చలేదు. థియేటర్ దీపాల కాంతిలో ఆ గీతను చూడటానికి నర్సు టార్చి వేయవలసి వచ్చింది.

రోగుల ప్రశ్నలకూ జవాబు చెప్పాలి. విదేశాల్లో ఉన్న కొడుకులు ఫోన్లో మొదట అడిగేవి రెండు: అమ్మకు ఇక ఎమ్మారై తీయవచ్చా, ఎయిర్‌పోర్టులో పిన్నులు మోగుతాయా అని. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు, ఎమ్మారై నిరభ్యంతరంగా తీయవచ్చు, తనిఖీ ద్వారం మోగేంత లోహం అందులో లేదు. కొద్ది నెలల తరువాత మలంతో ఒకటి రెండు పిన్నులు పడితే కంగారు పడనక్కరలేదు.

కొనే ఆసుపత్రులకు నా సలహా ఒకటే. ఆపరేషన్ మొదలుపెట్టే ముందు అదే పరిమాణంలో రెండో పెట్టెను గడువు తేదీ చూసి, తెరవకుండా, గదిలో పక్కన పెట్టుకోండి. ఆ రాత్రి మా దగ్గర అది లేదు. స్టోరు తాళం ఉన్న మనిషి ఇంటికి వెళ్లిపోయాడు.